బిల్లు కోడ్ చివర 'టీ' ఉంటే అర్థమేంటి? కొత్త చికిత్సలకు డబ్బు ఎవరిస్తారు?

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, సాగర్ రోడ్డు మీదుగా సిటీకి వెళ్లి మెడికల్ కోడింగ్ నేర్చుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. చేసే పనేంటని అమ్మీ అడిగితే "అమెరికా ఆస్పత్రుల బిల్లులు" అంటారు. అది సగం మాటే. డాక్టర్ చేసిన ప్రతి పనినీ కోడ్‌గా మార్చాలి. ఆ కోడ్ చూసే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇస్తుంది, లేదా ఆపుతుంది.

అక్కడి కోడ్ల పుస్తకం పేరు సీపీటీ. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని నడుపుతుంది. మామూలు కోడ్‌కు అయిదు అంకెలు. అది దక్కాలంటే ఆ చికిత్సను చాలామంది డాక్టర్లు చేస్తుండాలి, పనిచేస్తుందనే రుజువులుండాలి, పరికరానికి అవసరమైన ప్రభుత్వ అనుమతి ఉండాలి. నిన్నగాక మొన్న వచ్చిన చికిత్సకు ఇవన్నీ ఎక్కడివి? కోడ్ లేకపోతే ఎన్నిసార్లు చేశారో లెక్క తేలదు, లెక్క తేలకపోతే రుజువు దొరకదు. ఈ చిక్కు విప్పడానికే 2000ల మొదట్లో తాత్కాలిక కోడ్లు తెచ్చారు. నాలుగు అంకెలు, చివర 'టీ' అక్షరం. ఏటా జనవరి 1న, జులై 1న ప్రకటిస్తారు. ఆరు నెలల తర్వాత వాడుకలోకి వస్తాయి. గడువు అయిదేళ్లు. ఆలోగా పక్కా కోడ్ కావొచ్చు, గడువు పొడిగించొచ్చు, లేదంటే తీసేస్తారు.

గుండె సీటీ స్కాన్ బొమ్మల నుంచి రక్త ప్రవాహాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే పరీక్ష ఒకటుంది. 2018లో దానికి 0501టీ నుంచి 0504టీ దాకా నాలుగు కోడ్లు ఇచ్చారు. 2024 జనవరిలో ఆ నాలుగూ పోయి, 75580 అనే ఒక్క పక్కా కోడ్ వచ్చింది. ఆ తర్వాత చేసిన పరీక్షకు పాత కోడ్ వేస్తే బిల్లు తిరిగొస్తుంది. కోడింగ్ పిల్లలు ఎప్పుడూ కొత్త జాబితాలు ముందేసుకుని కూర్చునేది ఇందుకే.

అయితే 'టీ' కోడ్ ఉన్నంత మాత్రాన డబ్బు వస్తుందని కాదు. స్టాక్ రిజిస్టర్‌లో సరుకు పేరు ఎక్కింది, రేటు కాలమ్ మాత్రం ఖాళీ. ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో కంపెనీ ఇష్టం.

మరి మన దగ్గర? ఇలాంటి కోడ్లు లేవు, తంటా మాత్రం అదే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. చాలామంది ఆ పది లక్షలే గుర్తుపెట్టుకుంటారు. కానీ చికిత్స ప్యాకేజీ జాబితాలో ఉండాలి కదా. 2024లో 163 చికిత్సలు కొత్తగా చేర్చారు, మొత్తం 1,835 అయ్యాయి. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు తలుపు తెరుస్తారు. ఇక్కడ సర్కారు జాబితా సవరించినప్పుడే. అసలు లోటు ఇక్కడే ఉంది.

ప్రైవేటు పాలసీల్లో కొంత నయం. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో 12 ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చి, వాటిని పాలసీలోంచి పూర్తిగా తప్పించకూడదంది. రోబోటిక్ సర్జరీ, కంట్లో వేసే ఇంజెక్షన్లు, కేన్సర్‌కు నోటి మాత్రలు, ఇమ్యూనోథెరపీ అందులో ఉన్నాయి. మెలిక ఏంటంటే, కంపెనీ వీటికి విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. అంటే 5 లక్షల పాలసీ ఉన్నా రోబోటిక్ సర్జరీకి అందులో కొంత భాగమే రావొచ్చు. జాబితాలో లేని మరీ కొత్త చికిత్స అయితే "రుజువు కాని చికిత్స" అనే షరతు చూపించి పక్కన పెట్టే వీలుంది.

కాబట్టి ఆస్పత్రిలో చేరకముందే అడగాలి. ఆరోగ్యశ్రీ అయితే ఆరోగ్యమిత్ర దగ్గర ప్యాకేజీ పేరు, ముందస్తు అనుమతి వచ్చిందా లేదా. ప్రైవేటు పాలసీ అయితే ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఈ చికిత్సకు విడి పరిమితి ఎంత అని. డాక్టర్ గారు నోటితో "అయిపోతుంది" అంటే సరిపోదు, కాగితం కావాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.