తగ్గింది 45 శాతమా, 45 శాతానికా?

జీడీపీ ఉద్గార తీవ్రతను 2030 నాటికి, 2005 స్థాయితో పోలిస్తే, 45 శాతం తగ్గిస్తామని భారత్ 2022లో లక్ష్యం పెట్టుకుంది. రూపాయి విలువైన ఉత్పత్తికి ఎంత గ్రీన్‌హౌస్ వాయువు వెలువడుతోందన్న లెక్కే ఉద్గార తీవ్రత. ఈ లక్ష్యాన్ని ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు ‘రెడ్యూస్’ అనే క్రియ తర్వాత ‘బై 45 పర్సెంట్ బై 2030’ అని రెండు ‘బై’లు వస్తాయి. మొదటిది ఎంత తగ్గాలో చెబుతుంది, రెండోది ఎప్పటికల్లానో చెబుతుంది. మొదటి ‘బై’ తీసేసి ‘టు’ పెట్టి చూడండి. 2005 స్థాయి 100 అనుకుంటే, ‘బై’తో 55 మిగులుతుంది, ‘టు’తో 45 మిగులుతుంది. చిన్న మాట మారితే దేశం ఇచ్చిన హామీయే మారిపోతుంది.

తెలుగులో ఇదే పని ‘కి’, ‘కు’ చేస్తాయి. టమాటా ధర పది రూపాయలు తగ్గిందంటే ఒక అర్థం, పది రూపాయలకు తగ్గిందంటే మరో అర్థం. ఈ తేడా ఎవరికీ నేర్పక్కర్లేదు. మరి ఇంగ్లిష్‌లోనే ఎందుకు తడబడతాం?

మన విభక్తి ప్రత్యయాలకూ, ఇంగ్లిష్ ప్రిపోజిషన్లకూ ఒకటికి ఒకటి లెక్కన జత కుదరదు. ‘తో’నే తీసుకోండి. కుండ నీటితో నిండితే ‘ఫిల్డ్ విత్’. రోగి జ్వరంతో బాధపడుతుంటే ‘సఫరింగ్ ఫ్రమ్’. ఒకరితో పెళ్లయితే ‘మ్యారీడ్ టు’. నీటి అణువు రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులతో ఏర్పడిందంటే ‘కంపోజ్డ్ ఆఫ్’. మనకు ఒకే ‘తో’, వాళ్లకు నాలుగు మాటలు. అన్నిచోట్లా ‘విత్’ వాడేయాలని మనసు లాగడం సహజమే. ‘గురించి చర్చించారు’ అనే అలవాటుతో ‘డిస్కస్ అబౌట్’ అనడమూ ఇలాంటిదే. ప్రామాణిక ఇంగ్లిష్‌లో ‘డిస్కస్’ తర్వాత ప్రిపోజిషన్ రాదు.

నిజానికి వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లోనూ విభక్తి ప్రత్యయాలు ఉండేవి. అవి క్రమంగా అరిగిపోయాక, వాటి పనిని పదక్రమం, ప్రిపోజిషన్లు పంచుకున్నాయి. ఈ క్రమంలో అర్థాలూ జరిగాయి. ఒకప్పుడు ‘విత్’ అంటే ‘ఎదురుగా, వ్యతిరేకంగా’ అని ప్రధానార్థం. ‘విత్‌స్టాండ్’లో ఆ జాడ ఇప్పటికీ ఉంది. అందుకే ఏ క్రియకు ఏది వస్తుందో కేవలం తర్కంతో తేల్చలేం. క్రియనూ దాని తోడునూ కలిపి, ఒకే మాటలా నేర్చుకోవడమే తేలిక.

అలాగని అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. ఉప్పు నీటిలో కరుగుతుంది, ‘డిజాల్వ్ ఇన్’. ఆమ్లం లోహంతో చర్య జరుపుతుంది, ‘రియాక్ట్ విత్’. దిగుబడి వాన మీద ఆధారపడుతుంది, ‘డిపెండ్ ఆన్’. ఇక్కడ తెలుగే దారి చూపిస్తుంది. జత కుదరనివీ, తోడు మారితే అర్థం తలకిందులయ్యేవీ పట్టుకుంటే చాలు.

‘రిజల్ట్’ అలాంటిదే. కరవు ‘రిజల్టెడ్ ఇన్’ పంట నష్టం అంటే కరవు వల్ల పంట పోయిందని. ‘ఇన్’ బదులు ‘ఫ్రమ్’ పెడితే పంట నష్టం వల్ల కరవు వచ్చినట్టవుతుంది! ‘డివైడ్’ కూడా అంతే. పదిని ‘ఇన్‌టు’ టూ పార్ట్స్ చేస్తే ఒక్కో భాగం ఐదు. పదిని ‘బై’ హాఫ్, అంటే అరతో భాగిస్తే జవాబు ఇరవై.