మినీమోగ్: ట్రాన్సిస్టరు పలికిన స్వరము

1970లో అమెరికాలో రాబర్ట్ మోగ్ గారి సంస్థ వెలువరించిన 'మినీమోగ్' అను సింథసైజరును తొలిసారి చూచువారికి ముందు కలుగునది కొంత నిరాశయే. హార్మోనియమునకు వలె 44 మెట్లున్నవి గాని, రెండింటిని కలిపి నొక్కినను ఒక్క స్వరమే పలుకును. జ్ఞాపకశక్తి అసలే లేదు. నిన్న విన్న ధ్వని నేడు కావలెనన్నచో మరలన్నియు తిరిగి చేతితో త్రిప్పుకొనవలసినదే. (ఆయన పేరును 'మూగ్' అనువారు పెక్కురు. సరియైన ఉచ్చారణ 'మోగ్'. తెలుగువారికి ఈ భేదము చెప్పనక్కరలేదు గదా!)

కాని ఒక మెట్టు నొక్కినచో గది నిండినట్లు పలుకును. ఇందు మూడు విద్యుత్ డోలకములున్నవి. ఒకటి సెకనుకు 440, వేరొకటి 441 కంపనములు చేసినచో సెకనుకొక విస్పందనము వినబడును. ఆ నిండుదనమునకు ఇదియొక కారణము.

డోలకము పంపు రంపపుపళ్ళ వంటి తరంగములో మూలస్వరముతోబాటు 2, 3, 4 రెట్ల పౌనఃపున్యము గల అనుస్వరములెన్నో ఉండును. వీనిని వడగట్టుటకు మోగ్ ట్రాన్సిస్టర్లను నిచ్చెనవలె పేర్చెను. నిర్ణయించిన హద్దుకు బాగా పైన, పౌనఃపున్యము రెట్టింపైనప్పుడెల్ల కంపన పరిమితి సుమారు పదునారవ వంతుకు పడిపోవును. హద్దును దించిన ధ్వని మెత్తబడును, పెంచిన పదునెక్కును.

ఇక అసలు చిక్కు. మధ్యస్థాయి షడ్జమమునకు తారస్థాయి షడ్జమము రెట్టింపు పౌనఃపున్యము కలది. మెట్లనుండి వచ్చు వోల్టేజియో, స్థాయికి 1 వోల్టు చొప్పున సమముగ పెరుగును. ఈ కూడికను గుణకారముగ మార్చునది ట్రాన్సిస్టరే. దాని ఆధార, ఉద్గారకముల నడుమ వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగినప్పుడెల్ల ప్రవాహము రెట్టింపగును. ఆ ప్రవాహము కండెన్సరును రెట్టింపు వేగముతో నింపగా, స్వరము ఒక స్థాయి పైకెక్కును. లాగరిథముల పాఠమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

అయితే ఆ 18 అను అంకె పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతములో ఉండును. 300 కెల్విన్‌ల వద్ద 3 డిగ్రీలు వేడెక్కిన అది నూటికి ఒక వంతు మారును. సవరణ యేదియు లేనిచో, స్థాయికి ఒక స్వరస్థానములో ఎనిమిదవ వంతు తేడా. మూడు స్థాయిల దూరమున మూడవ వంతుకు మించును. చెవి దానిని సహింపదు. తొలినాటి మినీమోగులకు శ్రుతి నిలువదను అపకీర్తి వచ్చినది ఇట్టి చిక్కులవల్లనే. తరువాతి వానిలో డోలకముల వలయమును మెరుగుపరచిరి. 1981లో తయారీ ఆగిన ఆ పాత వాద్యములను నేటికిని వాయించువారు, కచేరీకి చాల ముందుగ విద్యుత్తునిచ్చి, పెట్టె వెచ్చబడి నిలకడకు వచ్చిన పిమ్మటనే శ్రుతి చేసికొందురు.