భాగం 6 : పెద్ద సైజు ఇంక్‌జెట్ ఫొటో ప్రింటర్‌లో మూసుకుపోయిన నాజిళ్లను శుభ్రపరచడం

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నాజిళ్లు మూసుకుపోవడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• నాజిల్ చెక్ నమూనాను చదివి లోపం ఎక్కడ ఉందో గుర్తించగలుగుతారు.
• శుభ్రపరిచే దశలను సరైన క్రమంలో పాటించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

గత భాగంలో ఇంక్‌జెట్ ప్రింటర్ నిర్మాణం గురించి తెలుసుకున్నారు. 24, 44 అంగుళాల వెడల్పు కాగితంపై ఫొటోలు ముద్రించే యంత్రాలు ఇప్పుడు చిన్న పట్టణాల స్టూడియోలలో కూడా కనిపిస్తున్నాయి. పెళ్లి ఫొటోను నిలువెత్తున ముద్రించి ఇవ్వవలసిన రోజున పెళ్లికూతురు ముఖం మీద సన్నని అడ్డగీతలు వచ్చాయనుకోండి. లేదా చర్మం రంగు ఆకుపచ్చ ఛాయకు తిరిగిందనుకోండి. అప్పుడు మీరేం చేస్తారు? చాలామంది వెంటనే హెడ్ క్లీనింగ్ మీట నొక్కుతారు. బాగుపడకపోతే మళ్లీ నొక్కుతారు. ఇది తొందరపాటు. ముందు లోపం ఎక్కడ ఉందో చూడాలి, తరువాతే శుభ్రం చేయాలి. ఈ భాగంలోని విషయమంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

6.2 నాజిల్ ఎందుకు మూసుకుపోతుంది?

నాజిల్ అంటే ఇంకు చుక్క బయటకు వచ్చే రంధ్రం. దాని వ్యాసం సుమారు 20 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం కంటే ఇది చాలా తక్కువ. కొన్ని నమూనాలలో ఒక్కో రంగుకు 360 నాజిళ్లు ఉంటాయి.

ఫొటో ప్రింటర్లలో ఎక్కువగా వాడేది నీటి ఆధారిత పిగ్మెంట్ ఇంకు. రంధ్రం దగ్గర నీరు ఆవిరైతే రంగు రేణువులు, వాటిని పట్టి ఉంచే రెజిన్ మిగిలి గట్టిపడతాయి. డై ఇంకులో రంగు నీటిలో కరిగి ఉంటుంది కనుక ఎండినా కొంతవరకు మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ పూర్తిగా ఎండితే అంత సులభంగా కరగదు.

ఇలా ఎండకుండా ఉండడానికే పని లేనప్పుడు హెడ్ ఒక క్యాప్ మీద కూర్చుంటుంది. క్యాప్ రబ్బరు అంచు హెడ్‌కు గట్టిగా ఆనుకుని లోపలి తేమను కాపాడుతుంది. క్లీనింగ్ సమయంలో ఒక పంపు ఇదే క్యాప్ ద్వారా ఇంకును కిందికి లాగుతుంది. వైపర్ అనే రబ్బరు పలక హెడ్ అడుగును తుడుస్తుంది. లాగిన ఇంకు మెయింటెనెన్స్ ట్యాంకులో చేరుతుంది.

మూసుకుపోవడానికి ముఖ్య కారణాలు ఇవి:
1. ముద్రణ మధ్యలో కరెంటు పోయి హెడ్ క్యాప్ మీదికి చేరకపోవడం.
2. వేసవి పొడి గాలి, ఏసీ గదిలో తేమ తగ్గడం.
3. ప్రింటర్‌ను వారాల తరబడి వాడకపోవడం.
4. క్యాప్ అంచున ఇంకు గడ్డకట్టి గాలి చొరబడడం.
5. కాగితం నూగు, దుమ్ము హెడ్‌కు అంటుకోవడం.

6.3 నాజిల్ చెక్ నమూనాను చదవడం

మామూలు కాగితంపై నాజిల్ చెక్ ముద్రించండి. ప్రతి రంగుకూ చిన్న చిన్న గీతలు మెట్లలాగా వస్తాయి. ఒక గీత లేదంటే ఆ నాజిల్ పని చేయడం లేదని అర్థం. పసుపు గీతలు కంటికి సరిగా ఆనవు. నీలం రంగు పారదర్శక కాగితంలోంచి చూస్తే అవి నల్లగా స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ నమూనాను రెండుసార్లు ముద్రించి పోల్చండి.
• రెండింటిలోనూ అవే గీతలు లోపిస్తే ఇంకు ఎండి ఉండవచ్చు.
• ప్రతిసారీ వేర్వేరు గీతలు లోపిస్తే గాలి బుడగలు లేదా ఇంకు సరఫరా కారణం కావచ్చు.
• ఒక రంగు మొత్తంగా రాకపోతే కార్ట్రిడ్జ్‌ను, ఇంకు మార్గాన్ని, క్యాప్‌ను అనుమానించాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. మా విభాగంలో 44 అంగుళాల ప్రింటర్ ఉండేది. వేసవి సెలవుల తరువాత తెరిస్తే గీతలు సగం లేవు. నేను ఒకే పూటలో ఏడుసార్లు క్లీనింగ్ చేయించాను. ప్రతిసారీ వేరే గీతలు మాయమయ్యాయి. ఆ మార్పే అసలు సూచన అని నాకు తోచలేదు. ఇంకు తరిగిపోయింది, ట్యాంకు నిండింది. మరునాడు టెక్నీషియన్ వచ్చి క్యాప్ అంచున గడ్డకట్టిన ఇంకును తుడిచాడు. ఆ తరువాత ఒక్క క్లీనింగ్‌తో నమూనా పూర్తిగా వచ్చింది. అప్పటివరకు పంపు ఇంకుతో పాటు గాలిని కూడా లాగుతూ ఉంది. తప్పు యంత్రానిది కాదు, గీతలను చదవని నాది.

6.4 శుభ్రపరిచే దశలు

దశ 1: కార్ట్రిడ్జ్‌లలో ఇంకు ఎంత ఉందో, గడువు తేదీ దాటిందో లేదో చూడండి.

దశ 2: మామూలు క్లీనింగ్ ఒకసారి చేయండి. వీలుంటే లోపం ఉన్న రంగుకే చేయండి. వెంటనే నాజిల్ చెక్ తీసి పోల్చండి. మెరుగుపడితే రెండోసారి చేయండి. అంతకు మించి వరుసగా చేయవద్దు.

దశ 3: ఇంకా కొన్ని గీతలు మిగిలితే ఆ రంగుతో ఒక నిండు దీర్ఘచతురస్రాన్ని ముద్రించండి. ఫలితం లేకపోతే ప్రింటర్‌ను దాని మీటతోనే ఆపి ఒక రాత్రి వదిలేయండి. క్యాప్‌లోని తేమకు ఎండిన ఇంకు మెత్తబడే అవకాశం ఉంది. బుడగలు కూడా సర్దుకుంటాయి.

దశ 4: తయారీదారు పుస్తకం అనుమతిస్తే, అందులో చెప్పిన పద్ధతిలో హెడ్‌ను పక్కకు జరిపి క్యాప్ అంచును, వైపర్‌ను తుడవండి. నూగు రాలని స్పాంజి పుల్లను, తయారీదారు ఇచ్చిన ద్రవాన్ని లేదా డిస్టిల్డ్ వాటర్‌ను వాడండి. దూది వద్దు, పోగులు అంటుకుంటాయి. హెడ్ అడుగును తాకవద్దు.

దశ 5: చివరి ప్రయత్నంగా శక్తిమంతమైన క్లీనింగ్ ఒకసారి చేయండి. దీనికి ఇంకు చాలా ఖర్చవుతుంది. కార్ట్రిడ్జ్‌లో ఇంకు, ట్యాంకులో చోటు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

దశ 6: అయినా ఫలితం లేకపోతే టెక్నీషియన్‌ను పిలవండి.

హెడ్ రకాన్ని కూడా గుర్తుంచుకోండి. ఎప్సన్ యంత్రాలలోని పీజో హెడ్ విద్యుత్తుతో వంగే స్ఫటికం సాయంతో చుక్కను నెడుతుంది. దాని మార్పిడి టెక్నీషియన్ పని, ఖర్చు కూడా ఎక్కువ. కానన్ ఫొటో ప్రింటర్లలోని థర్మల్ హెడ్ ఇంకును క్షణకాలం వేడి చేసి బుడగతో నెడుతుంది. ఇంకు అందకుండా పని చేయిస్తే దానిలోని వేడి పుట్టించే భాగం దెబ్బతింటుంది. చాలా నమూనాలలో ఈ హెడ్‌ను వినియోగదారుడే మార్చుకోవచ్చు.

హెచ్చరిక: నాజిళ్లలో సూది గుచ్చవద్దు. సిరంజితో బలంగా ద్రవం ఎక్కించవద్దు. కుళాయి నీళ్లలోని లవణాలు రంధ్రాలలో పేరుకుంటాయి. అసిటోన్ లోపలి జిగురును, ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది.

6.5 నివారణ

• ప్రింటర్‌ను ఎప్పుడూ దాని మీటతోనే ఆపండి. గోడ స్విచ్‌తో ఆపితే హెడ్ క్యాప్ మీదికి చేరకపోవచ్చు.
• కరెంటు కోతలున్న చోట తగిన సామర్థ్యం గల యూపీఎస్ పెట్టుకోండి. కోత తరువాత కరెంటు రాగానే ప్రింటర్ ఆన్ చేయండి. హెడ్ తన చోటికి చేరుతుంది.
• గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూడండి.
• పని లేకపోయినా వారానికి ఒకసారి అన్ని రంగులూ ఉన్న చిన్న ఫొటో ముద్రించండి.
• దుమ్ము పడకుండా కప్పి ఉంచండి.

6.6 సారాంశం

ఎండిన ఇంకు, గాలి, క్యాప్ లోపం అనే మూడూ ఫొటో మీద ఒకేలా కనిపిస్తాయి. నాజిల్ చెక్‌లో వేరుగా కనిపిస్తాయి. అందుకే ఒక్కో ప్రయత్నం తరువాత నమూనా తీసి, తేదీ వేసి దాచుకోండి. తరువాత చేయవలసిన పని ఆ కాగితాలే చెబుతాయి.

6.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్యాప్ చేసే రెండు పనులు ఏవి?
2. వరుసగా తీసిన రెండు నమూనాలలో వేర్వేరు గీతలు లోపించాయి. మీరు ముందుగా దేన్ని పరిశీలిస్తారు? ఎందుకు?
3. మీ స్టూడియో పరిస్థితులకు తగినట్లు ఒక నెల నివారణ ప్రణాళిక తయారు చేయండి.