దాహంతో కంది... పక్కనే తడి!

నేలలో పదునుంది. వానలూ బాగానే పడ్డాయి. అయినా నిన్నటిదాకా నిండా పూతతో ఉన్న కంది మొక్క ఇవాళ తల వాల్చేసింది. నీళ్లు చాల్లేదేమోనని రైతు ఇంకో తడి పెడతాడు. లాభం ఉండదు. కొన్నాళ్లకు పక్క మొక్కదీ అదే దారి!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... 2016లో పాత వరంగల్ నుంచి విడివడిన ఈ జిల్లాల్లో పత్తి నడుమ కంది సాళ్లు వేయడం మామూలే. ఎండు తెగులు సంగతి ఆ రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెగులు పట్టిన మొక్కను పీకి, కాండాన్ని కత్తితో నిలువునా చీలిస్తే తెల్లగా ఉండాల్సిన చెక్కలో నల్లటి చారలు కనిపిస్తాయి. పైన బెరడు మీదేమో నేల దగ్గర్నుంచి ఊదారంగు పట్టీ పాకి ఉంటుంది.

చెక్కంటే గట్టి ముద్ద అనుకుంటాం కానీ నిజానికది సన్నటి గొట్టాల కట్ట. వేళ్లు పీల్చిన నీరు వాటిలోంచే ఆకులకు చేరుతుంది. ఫ్యుజేరియం ఉడమ్ అనే బూజు వేరులోంచి దూరి ఆ గొట్టాల్లోనే కాపురం పెడుతుంది. ఇలాంటి శత్రువు చొరబడినప్పుడు మొక్కలు ఊరుకోవు. గొట్టం పక్కనున్న కణాలు బుడగల్లా లోపలికి ఉబ్బి, జిగురు ఊరి, దారి మూసేస్తాయి. ఆ పని కింది భాగంలోనే, వెంటనే జరిగితే మొక్క బతుకుతుంది. ఆలస్యమైందా... దొంగ ఇల్లంతా తిరిగాక తలుపులన్నీ వేసుకున్నట్టే. నీళ్లూ ఆగిపోతాయి!

ఇటలీలోని పుల్యా ప్రాంతంలో ఆలివ్ చెట్ల కథా దాదాపు ఇదే. 2013లో అక్కడ జైలెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. లక్షల చెట్లు ఎండిపోయాయి. కానీ లెచ్చీనో అనే రకం మాత్రం చాలావరకు తట్టుకుంది. పరిశోధకులు చెక్కను కోసి చూస్తే, తెగులుకు లొంగిన రకంకన్నా దీని గొట్టాలు సన్నగా ఉన్నాయి. వెడల్పు గొట్టంలో నీరు జోరుగా పారుతుంది. కానీ గాలి బుడగ చేరి ధార తెగే ప్రమాదమూ ఎక్కువే. సన్నటిది నెమ్మదే అయినా నమ్మకమైనది. అలాగని అంతా గొట్టాల మహిమే అనలేం. లెచ్చీనోలో బ్యాక్టీరియా కూడా తక్కువగానే పెరుగుతుంది.

మన కందిలోనూ తట్టుకునే రకాలున్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎండు తెగులు నిండిన మడుల్లోనే వందలాది రకాలు వేసి, బతికినవాటిని ఏరారు. అలా వచ్చిందే 'మారుతి'. ఎండు తెగులుకు అది నిలబడింది కానీ, పూత రాకుండా చేసే వెర్రి తెగులుకు లొంగిపోయింది. ఆ తర్వాత 1993లో విడుదలైన 'ఆశ' రెండింటినీ తట్టుకుంది.

అయితే విత్తనం ఒక్కటే చాలదు. ఈ బూజు కోత తర్వాత చేలో మిగిలిన మోళ్లలో మూడేళ్లదాకా బతికుంటుంది. అందుకే తెగులొచ్చిన చేలో మోళ్లు ఏరి కాల్చేయమంటారు. మళ్లీ వెంటనే కంది వేయకుండా జొన్నతో పంట మార్చమంటారు. కందిలో జొన్నను అంతరపంటగా వేసినా తెగులు తగ్గుతుంది. జొన్న, కంది కలిపి చల్లిన తాతల కాలపు అలవాటుకు ఇదీ ఓ కారణమేమో!