కొండ నీళ్ళు కాదు, దోమే!

అనంతగిరి వెళ్ళొచ్చి జ్వరంతో పడ్డ ప్రతివాళ్ళూ చెప్పే మాట ఒకటే: ‘కొండ నీళ్ళు పడలేదండీ’. కాఫీ తోటలు చూశారు, కటికి జలపాతంలో తడిశారు, బొర్రా గుహల దగ్గర బొంగు చికెన్ తిన్నారు, రాత్రి పొద్దుపోయేదాకా ఆరుబయట కూర్చుని కబుర్లాడారు. జ్వరం తెచ్చింది ఆ కబుర్లే. నింద మాత్రం నీళ్ళ మీద.

లారా ఇంగల్స్ వైల్డర్ తన కుటుంబకథల వరసలో 1935లో వెలువరించిన ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’లోనూ ఇదే తంతు. 1870 ప్రాంతంలో కాన్సస్ గడ్డిమైదానంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్ళది.

నవలలో వాగు పల్లం నుంచి దోమలు ముసురుకొస్తే తండ్రి పచ్చిగడ్డి పొగ వేస్తాడు. కొన్నాళ్ళకి ఇంటిల్లిపాదీ చలిజ్వరంతో మంచాన పడతారు. అటుగా వచ్చిన నల్లజాతి డాక్టర్ టాన్, నిజంగా ఉన్న మనిషే, చేదు మందు మింగించి బతికిస్తాడు. ఇదంతా పుచ్చకాయలు తిన్నందుకేనంటుంది పొరుగావిడ. తండ్రి నవ్వేసి పెద్ద కాయ తెచ్చుకుని తింటాడు. తల్లి మాత్రం తానూ ముట్టదు, పిల్లలకీ పెట్టదు. ఇంతకీ తండ్రి సిద్ధాంతమేమిటంటే, రాత్రిగాలి!

పుచ్చకాయలు పండే రోజులూ దోమలు పెరిగే రోజులూ ఒకటే, చోటూ ఆ వాగు పల్లమే. జంటగా కనిపిస్తే చాలు, ఒకదానికి రెండోది కారణమని మనసు ముడిపెట్టేస్తుంది. తాయెత్తుల వ్యాపారమంతా ఈ ముడి మీదే నడుస్తోంది. ఆ చలిజ్వరమే మలేరియా. మన కొండల్లో దాన్ని మోసే ‘ఎనాఫిలిస్ ఫ్లువియాటిలిస్’ మురిక్కాలవ దోమ కాదు. మెల్లగా పారే తేటనీటి గెడ్డల్లో పెరుగుతుంది, రాత్రిపూట కుడుతుంది. కాబట్టి కొండ నీళ్ళకీ ఇందులో పాత్ర ఉంది, కాకపోతే మనం తాగే నీళ్ళకి కాదు.

మలేరియా క్రిమి కిరండూల్ రైలెక్కిన ప్రయాణికుడి లాంటిది. దోమ కుట్టగానే రక్తంలో ఎక్కి, గంటలోపే కాలేయమనే జంక్షన్లో దిగిపోతుంది. అక్కడ ఒకటి వేలైనా మనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. వైవాక్స్ రకంలో కొన్ని వెయిటింగ్ రూములోనే నెలల తరబడి నిద్రపోతాయి. మిగతావి వారం పైచిలుకు గడిచాక మళ్ళీ రక్తంలోకెక్కి, ఎర్రకణమనే పెట్టెలో దూరి, తిని, పెరిగి, పెట్టె పగలగొట్టుకుని పక్క పెట్టెలోకి దూకుతాయి. సుమారు 48 గంటలకోసారి ఇలా పెట్టెలన్నీ ఒక్కుమ్మడిగా పగిలినప్పుడే ఆ వణుకు. రోజు విడిచి రోజు చలిజ్వరం రావడం అందుకే. కుట్టిన పది రోజులు, రెండు వారాలకి గానీ ఇది బయటపడదు. అప్పటికి మీరు విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు, దోమ కాటు గుర్తే ఉండదు.

దోమ కడుపులో ఈ క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే పట్టుకున్నాడు. కాచిన నీళ్ళు టైఫాయిడ్ని ఆపుతాయి, మలేరియాని కాదు. దీనికి దోమతెరే.

అనంతగిరిలో రాత్రి బస చేసొచ్చాక చలీ జ్వరమూ వస్తే, నెలలు గడిచినా సరే, ఎక్కడికెళ్ళొచ్చారో డాక్టరుకి మీరే ముందు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ఫాల్సిపారం రకమైతే మెదడుకి సోకి ప్రాణం మీదికి తేవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్షా, మందులూ ఉచితమే.