నాభి యను పేరుగల రెండు మొక్కలు



వర్షకాలమున మిరపనాట్లు చూడబోయిన నాకు ఒక రైతు కుమార్తె కంచెమీది ఎఱ్ఱని పూవును, దాని దుంపను తెచ్చి చూపి, “అయ్యా, ఇది చిలగడదుంపవలె నున్నది, తినవచ్చునా?” అని యడిగినది. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

నాభి యని రెండు మొక్కలను పిలుచుచున్నారు. మొదటిది వసనాభి. ఇది హిమాలయముల చల్లని యెత్తులలో పెరుగునే కాని మన నల్లరేగడిలో పెరుగదు. దీని పూవు నీలముగా, పైరేకు ముసుగువలె వంగి యుండును. ఈ జాతి మొక్కలను చలిదేశములలో పూలగుత్తులకై పెంచెదరు.

రెండవది మన కంచెలలోని అడవినాభి. దీనినే పొత్తిదుంప యనియు, అగ్నిశిఖ యనియు నందురు. దీని పూలను గూడ గుత్తులకై అమ్ముదురు. గురుతు లివి: ఆకుకొన సన్నని నులితీగెయై దగ్గఱి కొమ్మను చుట్టుకొనును. పూరేకు లాఱును వెనుకకు మడిగి, అంచులు అలలవలె నుండును. మొదట పచ్చన, పిదప పసుపు, తుదకు ఎఱుపు. దుంప నాగలివలె వంకరగా నుండుటచే సంస్కృతమున లాంగలి యనిరి. చిలగడతీగె యన్ననో నేలపై పాకును. దాని ఆకుకొన చుట్టుకొనదు. పూవు బాకావలె నుండును.

అయితే వేసవిలో తీగె యెండిపోవును, దుంప మాత్రము నేలలో నిలుచును. అప్పుడు దుంపను మాత్రము చూచి నిర్ణయించుట ప్రమాదము. కావున ఆకు నెఱుగని దుంపను వండరాదు.

ఇందలి విషము కాల్చిసిన్. ఉడికించినను ఇది పోదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనములు, కడుపునొప్పి కలుగును. బ్రదికినవారికి కొన్ని దినములకు జుట్టు రాలును. దుంపకూర యని భ్రమించి తిని సింహళమున పలువురు మరణించిరి. ఎవరైన తిన్నచో బలవంతముగా వాంతి చేయింపక, బాధ కలుగువఱకు వేచియుండక, దుంపముక్కను, ఆకును వెంటగొని వెంటనే ఆసుపత్రికి పోవలయును.

ఈ మొక్కను ద్వేషింప బనిలేదు. తమిళనాడు రైతులు దీనిని విత్తనములకై సాగుచేసి లాభము పొందుచున్నారు. ఆ కాల్చిసినే కీళ్లవాతమునకు ఔషధము. తమిళనాడు రాష్ట్రపుష్పము గూడ నిదియే.

రాబోవు సంఘ సమావేశమునకు పూవుతో, ఆకుతో ఒక తీగెను తెచ్చి, పిల్లలకును కూలివారికిని చూపుడు. ముట్టినవారు చేతులు కడుగుకొనుడు. ఒకసారి కంట చూచిన ఆకుకొన జన్మమున మఱవబడదు.