కాడికి తగిన జాతి: పందెపు ఎద్దుల ఎంపికలో శాస్త్రీయ దృష్టి

గుర్రపు క్రీడల్లో జాతి ఎంపికే తొలి నిర్ణయం. హైదరాబాదు మలక్‌పేట మైదానంలో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రం ఒకటి రెండు కిలోమీటర్ల దూరాన్ని మెరుపు వేగంతో ముగిస్తుంది. ఒకే రోజులో 160 కిలోమీటర్లు సాగే ఓర్పు పందేల్లో అరబ్బీ గుర్రానిదే పైచేయి. థరోబ్రెడ్ కండరాల్లో త్వరగా ముడుచుకొని త్వరగా అలసే తంతువుల పాలు ఎక్కువ. అరబ్బీ కండరాల్లో నిదానంగా పనిచేసి చాలాసేపు నిలిచే తంతువులు అధికం.

రాయలసీమ పల్లెల్లో గుర్రపు క్రీడల స్థానం ఎద్దుల పోటీలది. తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలో నిర్ణీత సమయంలో జత ఎంత దూరం బండను లాగిందన్నదే లెక్క. బండి పందెంలో లెక్క వేగానిది. ఈ రెండింటికీ ఒకే జత తగదు.

బండలాగుడుకు ఒంగోలు జాతి పేరెన్నికగన్నది. భారీ దేహం, కండపుష్టి గల మూపురం, బలమైన కాళ్లు దానికి సహజం. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల లోతు దుక్కుల్లో పెరిగిన జాతి ఇది. వేగంగా పరుగెత్తే పనికి అంతగా అనువైనది కాదు. మైసూరు, తుమకూరు ప్రాంతాల హళ్లికార్ ఎద్దు పొందికైన దేహం, గట్టి గిట్టలు, చురుకైన నడక కలది. మైసూరు పాలకుల సైనిక రవాణాకు పేరుపొందిన అమృత్‌మహల్ జాతి కూడా దీనికి దగ్గరి బంధువే.

సాధారణంగా ఎద్దు తన బరువులో పదో వంతు బలంతో గంటల తరబడి లాగగలదు. ఆ లెక్కన 500 కిలోల ఎద్దు 50 కిలోల లాగుడు బలాన్నీ, 350 కిలోల ఎద్దు 35 కిలోల బలాన్నీ ఇస్తాయి. మొదటిది గంటకు 2 కిలోమీటర్లు నడిస్తే, రెండవది దాదాపు 2.9 కిలోమీటర్లు నడిచి అంతే శక్తిని అందిస్తుంది. బరువైన బండకు బలం ముఖ్యం, తేలికైన బండికి నడక ముఖ్యం అనడానికి ఆధారం ఇదే.

నంబులపూలకుంట, కదిరి ప్రాంతపు రైతుకు ఈ లెక్క తిరునాళ్లతో ముగియదు. ఇక్కడివి అధికంగా లోతు తక్కువ ఎర్రనేలలు, పంట వేరుశనగ. వాన కురిసిన కొద్ది రోజుల్లో, పదును ఆరకముందే గొర్రుతో విత్తనం పడాలి. ఈ పనికి చురుకైన తేలిక జత చాలు. పైగా, పశువుకు రోజుకు తన బరువులో కనీసం 2 శాతం ఎండుమేత అవసరమనుకుంటే, 500 కిలోల జతకు 350 కిలోల జతకన్నా రోజుకు 6 కిలోలు, ఏడాదికి రెండు టన్నులకు మించి అదనంగా కావాలి. వేల ఎకరాలు సౌర ఫలకాల కిందికి వెళ్లిన ఈ మండలంలో మేత దొరికే ప్రతి గట్టూ విలువైనదే. కరవు ఏడాదిలో ఆ రెండు టన్నుల కట్టె కొనలేని రైతు ముందుగా అమ్ముకునేది ఆ జతనే.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు మూడు విషయాలు వివరించాలి. మొదటిది, కొనేముందు బరువు అంచనా. ఛాతీ చుట్టుకొలత వర్గాన్ని దేహం పొడవుతో గుణించి, అంగుళాల్లో అయితే 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 72 అంగుళాల ఛాతీ, 62 అంగుళాల పొడవు ఉన్న ఎద్దు సుమారు 487 కిలోలు తూగుతుంది. రెండవది, జతలోని ఎద్దుల ఎత్తు, నడక సరిపోలాలి. లేకుంటే కాడి ఒరిగి, మెడ పుండ్లు పడతాయి. మూడవది, పోటీలోని లాగుడు రోజువారీ పనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గనుక క్రమంగా సాధన, తగినంత విశ్రాంతి ఇవ్వాలి. నోట నురుగు, వేలాడే నాలుక, తడబడే అడుగు కనిపించిన వెంటనే కాడి దించాలి. ముల్లుకర్రతో పొడిచి లాగించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికి విరుద్ధం. జాతి ఎంపిక సరిగా జరిగిన చోట దాని అవసరమే రాదు.

ట్రాక్టరు రాకతో దుక్కి ఎద్దు తగ్గిపోయింది. దేశవాళీ జాతులను రైతు ముంగిట నిలుపుతున్న కారణాలలో పోటీలూ ఒకటి. నేలకు, మేతకు, పనికి సరిపోయే జతను ఎంచుకున్న రైతు పందెం గెలవకపోయినా, మరుసటి వానకు విత్తనం వేయగలడు.